విండోస్ 10 లాప్‌టాప్, అను ఫాంట్లు, టాలీ: లినక్స్‌కి మారాలా వద్దా?

ప్రశ్న: నమస్తే. మాది నరసరావుపేట. ఇంట్లోనే డీటీపీ పని చేస్తాను. శుభలేఖలు, కరపత్రాలు, దినకర్మ కార్డులు, అప్పుడప్పుడు స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, అన్నీ పేజీలు కట్టే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్‌లో అను ఫాంట్లతోనే. రెండు హోల్‌సేల్ షాపులకి టాలీలో లెక్కలు కూడా రాస్తాను. బ్యాంకు పని, మెయిళ్ళు, మా ఆవిడ యూట్యూబ్ అన్నీ ఒకే లాప్‌టాప్‌లో. 2017లో కొన్నది, ఐ5 ఏడో జనరేషన్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. విండోస్ 11 దీనికి ఎక్కదంటోంది. కానన్ లేజర్ ప్రింటర్ ఒకటి ఉంది. మా అమ్మాయి బీటెక్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటుంది. సెలవులకి వచ్చినప్పుడల్లా "లినక్స్ వేసేస్తా నాన్నా, ఫ్రీ, వైరస్‌లు రావు, స్పీడుగా ఉంటుంది" అంటుంది. వద్దంటే "నీకు కొత్తది నేర్చుకోవాలంటే భయం" అంటుంది. ఇది నిజంగా భయమేనా, నా అనుమానాలకి అర్థం ఉందా? కొత్త లాప్‌టాప్ కొనే పరిస్థితి ఇప్పుడు లేదు.

సమాధానం: మీ అనుమానాలకి అర్థం ఉందండీ. విండోస్‌లాగే కంప్యూటర్‌ని నడిపించే ఇంకో సిస్టమ్ లినక్స్. నేను రోజూ అదే వాడతాను, ఇష్టంగానే వాడతాను. అయినా మీ లాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లినక్స్ వేసుకోమని మాత్రం చెప్పను. విండోస్‌ని ఉంచి, పక్కన లినక్స్ కూడా వేసుకోమంటాను. ఎందుకో కొంచెం వివరంగానే చెప్పాలి, ఎందుకంటే లినక్స్ గురించి చెప్పేవాళ్ళలో చాలామంది "ఏం కాదు, అన్నీ పని చేస్తాయి" అని తేల్చేస్తారు, ఆ మాట నమ్మి మారినవాళ్ళు వారం తిరక్కుండా వెనక్కి వచ్చేసి ఇక జన్మలో దాని జోలికి పోరు.

ముందు తొందరగా చేయాల్సింది ఒకటుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇళ్ళలో వాడేవాళ్ళకి 2026 అక్టోబరు 13 దాకా పొడిగింపు ఉంది, కానీ దానికి మనమే నమోదు చేసుకోవాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీకి వెళ్తే నమోదు లింకు కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యి, సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. ఇప్పటికే చేసి ఉంటే సరే, లేకపోతే ఇది చదవడం ఆపి ముందు ఆ పని చూడండి. బ్యాంకు పని కూడా దాంట్లోనే అంటున్నారు కాబట్టి చెబుతున్నాను.

విండోస్ 11 ఎక్కకపోవడానికి కారణం మీ మిషన్ పాడైపోవడం కాదు. ప్రాసెసర్ ఇంటెల్‌ది అయితే ఎనిమిదో జనరేషన్ లేదా ఆ తర్వాతిది అయ్యుండాలని, దాంతోపాటు టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలని మైక్రోసాఫ్ట్ నియమం పెట్టింది. కొన్నింటిని మినహాయిస్తే ఏడో జనరేషన్ ప్రాసెసర్లన్నీ ఆ గీతకి అవతలే ఉండిపోయాయి. అది ఇంకా నాలుగైదేళ్ళు పని చేయగల లాప్‌టాప్. దాన్ని పాత సామానుకి వేయొద్దని మీ అమ్మాయి అనుకోవడం చాలా మంచి ఆలోచన. ఆమె అన్న మూడు మాటల్లోనూ నిజం ఉంది. ఫ్రీ అన్నది పూర్తిగా నిజం. వైరస్‌ల మాటా మీ విషయంలో దాదాపు నిజమే, ఎందుకంటే డీటీపీ చేసేవాళ్ళకి వైరస్‌లు వచ్చేది కస్టమర్లు తెచ్చే పెన్ డ్రైవుల నుంచి. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయే ఆ వైరస్ మీకు కొత్త కాదనుకుంటాను, విండోస్ కోసం రాసిన అలాంటివి లినక్స్‌లో నడవవు. స్పీడు మాటే సగం నిజం. మీ లాప్‌టాప్ నెమ్మదిగా ఉండటానికి సగానికి పైగా కారణం ఆ తిరిగే హార్డ్ డిస్క్. అది తీసి ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, వేయిస్తే, వీలైతే ఇంకో 4 జీబీ ర్యామ్ కూడా తగిలిస్తే విండోస్ కూడా లేచి కూర్చుంటుంది. హార్డ్ డిస్క్ అలాగే ఉంచి లినక్స్ వేస్తే కొంత తేడా తెలుస్తుంది, మీరు ఆశించినంత మాత్రం ఉండదు.

ఇక అసలు విషయం, అను ఫాంట్లు. మిమ్మల్ని విండోస్‌కి కట్టేసింది ఇదే, దీన్ని మీ అమ్మాయి వయసు పిల్లలు బహుశా ఎప్పుడూ చూసి ఉండరు. ఫోన్లో మనం టైప్ చేసే తెలుగు యూనికోడ్. అందులో తెలుగు అక్షరాలకి విడిగా స్థానాలున్నాయి, ఏ కంప్యూటర్‌కి పంపినా తెలుగుగానే వెళ్తుంది. అను అలా కాదు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉండాల్సిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కల్ని, గుణింతాల్ని, ఒత్తుల్ని బొమ్మలుగా పెట్టిన ఫాంట్ అది. అంటే మీ ఫైల్లో నిజానికి ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ పిచ్చి గుర్తులూ. ఆ ఫాంట్ ఉన్నంతసేపే అవి తెలుగులా కనిపిస్తాయి. యూనికోడ్‌కి సరైన సదుపాయం లేని కాలంలో మన పత్రికలూ ప్రెస్సులూ డీటీపీ సెంటర్లూ ఈ పద్ధతి మీదే నడిచాయి. అది చేసిన మేలు తక్కువది కాదు, నాకు దాని మీద ఏ కోపమూ లేదు. కానీ ఆ ఫాంట్ ఫైళ్ళని లినక్స్‌లోకి తెచ్చుకుంటే పాత అక్షరాలు కనిపిస్తాయేమో గానీ, మీరు టైప్ చేసే కీబోర్డు ప్రోగ్రామ్ విండోస్‌ది. పేజ్‌మేకర్ అయితే అడోబీ 2001లో తెచ్చిన 7.0 తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ తేలేదు, దానికి యూనికోడ్ తెలియదు, లినక్స్ వెర్షన్ ఎప్పుడూ లేదు. లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో ఉండే డ్రా ప్రోగ్రామ్ పేజ్‌మేకర్ ఫైళ్ళని తెరవడానికి ప్రయత్నిస్తుంది, కానీ పేజీ ఎలా చెదురుతుందో చెప్పలేం. దాన్ని నమ్ముకుని కస్టమర్ పని ఒప్పుకోకూడదు.

కాబట్టి రేపు మీ అమ్మాయి విండోస్ మొత్తం తీసేస్తే, పోయిన ఏడు వేసిన శుభలేఖలో పేర్లు మార్చి ఇంకోటి చేయడం అనే మీ రోజువారీ పని ఆగిపోతుంది. మీరు చెప్పుకోలేకపోయినా మీకు అనిపిస్తున్న ఇబ్బంది ఇదే. దాన్ని భయం అనడం న్యాయం కాదు.

అయితే ఇంకో సంగతి కూడా చూడండి. మీరు లినక్స్ జోలికే పోకుండా రెండేళ్ళ తర్వాత కొత్త విండోస్ లాప్‌టాప్ కొన్నారనుకోండి, ఆ అను ఫైళ్ళూ ఆ పేజ్‌మేకరూ మీతోపాటే వస్తాయి. ఏదో ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత ఇరవై ఏళ్ళు దాటిన ఆ ప్రోగ్రామ్ తెరుచుకోకపోతే అప్పుడూ ఇదే పరిస్థితి. అందుకని లినక్స్ వేసినా వేయకపోయినా, ఇకనుంచి వచ్చే కొత్త పనుల్లో కొన్నైనా యూనికోడ్‌లో చేయడం మొదలుపెట్టండి. ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. ప్రశ్నపత్రాలతో మొదలుపెడితే సులువు, వాటికి ఫాంట్ సింగారం అక్కర్లేదు, వచ్చే ఏడాది మళ్ళీ కాపీ చేసుకోవచ్చు, టీచర్‌కి వాట్సాప్‌లో పంపితే ఆయన ఫోన్లో చదువుకోగలరు. టైపింగ్ మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలేమో అన్న బెంగ వద్దు. అనులో మీరు ఆపిల్ లేఅవుట్‌తో (ఏ కీ నొక్కితే ఏ అక్షరం అన్న అమరికల్లో అదొకటి) టైప్ చేసేవారైతే లినక్స్‌లో ఐబస్, ఎం17ఎన్ అనే ప్యాకేజీలు వేస్తే తెలుగుకి ఆపిల్ లేఅవుట్ దొరుకుతుంది. అక్కడక్కడా చిన్న తేడాలు ఉండొచ్చు, అయినా వేళ్ళు పూర్తిగా కొత్త దారి పట్టక్కర్లేదు. ఇన్‌స్క్రిప్ట్ అనే లేఅవుట్ కూడా ఉంది, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ కూడా ఉంది. పేజీలు కట్టడానికి స్క్రైబస్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, 1.6 వెర్షన్ తెలుగు ఒత్తులు సరిగ్గానే చూపిస్తుంది, ప్రెస్సుకి కావాల్సిన సీఎంవైకే (నాలుగు రంగుల ప్రింటింగ్ పద్ధతి) పీడీఎఫ్ ఇస్తుంది. అది విండోస్‌లోనూ నడుస్తుంది కాబట్టి ఇప్పుడున్న చోటే నేర్చుకోవచ్చు.

లోటు కూడా చెప్పాలి కదా. ఫాంట్ల వెరైటీలో యూనికోడ్ ఇంకా వెనకబడే ఉంది. సిలికానాంధ్ర వాళ్ళు ఉచితంగా ఇచ్చిన మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి, గిడుగు లాంటివి బాగున్నాయి, నేను వాడతాను. కానీ శుభలేఖ అనేసరికి కస్టమర్ "పోయినసారి మా అన్నయ్య పెళ్ళికి వేశారే, ఆ అక్షరమే కావాలి" అంటాడు, అది అనులోనే ఉంటుంది. ఆ పని అనులోనే చేసివ్వండి. ఇంకా మీరు పంపే ప్రెస్సువాళ్ళు పేజ్‌మేకర్ ఫైలే అడుగుతారా, పీడీఎఫ్ ఇస్తే తీసుకుంటారా అన్నది ముందు కనుక్కోండి. పాత అను మ్యాటర్‌ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, ఒత్తుల దగ్గర తప్పులు వస్తుంటాయి, ప్రూఫ్ చూడకుండా వదలొద్దు. పాతవన్నీ కూర్చుని మార్చేయాలనీ అనుకోకండి, అవసరం పడినప్పుడు అవసరమైనదే మార్చుకోవచ్చు.

టాలీ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. అది విండోస్ ప్రోగ్రామ్. వైన్ అనే దాంతో విండోస్ ప్రోగ్రాములు కొన్నింటిని లినక్స్‌లో నడపొచ్చు, టాలీని కూడా అలా నడిపేవాళ్ళు ఉన్నారు. కానీ అవి వేరేవాళ్ళ షాపుల లెక్కలు. నెలలో 11వ తేదీ జీఎస్‌టీఆర్ 1, 20వ తేదీ 3బీ అనే జీఎస్‌టీ రిటర్న్‌ల గడువు దగ్గర పడుతుంటే టాలీ తెరుచుకోలేదని షాపాయనకి మీరు చెప్పలేరు. టాలీ విండోస్‌లోనే ఉండనివ్వండి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడుతుంటే అదీ అక్కడే. ఒక్క జాగ్రత్త, డిస్క్ మార్చేటప్పుడైనా ఫార్మాట్ చేసేటప్పుడైనా ముందు టాలీ లైసెన్స్ సరెండర్ చేసి, డేటా బ్యాకప్ పెన్ డ్రైవ్‌లోకి తీసుకుని, ఆ బ్యాకప్ ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకుంటుందో లేదో చూసుకున్నాకే ముందుకెళ్ళండి.

ప్రింటర్ సంగతికొస్తే, కానన్ లేజర్ అన్నారు గానీ మోడల్ రాయలేదు. మన డీటీపీ, జిరాక్స్ షాపుల్లో ఎక్కడ చూసినా కనిపించే ఎల్‌బీపీ 2900 అయితే లినక్స్‌లో అది తలనొప్పి వ్యవహారం. ప్రింటర్ మంచిదే, ఏళ్ళ తరబడి పని చేస్తుంది, కానీ అది మాట్లాడే సీఏపీటీ అనే భాష కానన్ సొంతం. లినక్స్‌కి ఇచ్చిన డ్రైవర్ పాతకాలపుది, దాన్ని కుదుర్చుకునేసరికి ఓపిక నశిస్తుంది. హెచ్‌పీ, ఎప్సన్, బ్రదర్ ప్రింటర్లలో చాలావరకు లినక్స్‌లో తేలిగ్గానే పని చేస్తాయి. లినక్స్‌లో చేసిన పేజీని పీడీఎఫ్ చేసుకుని విండోస్‌లోకి వెళ్ళి ప్రింట్ తీయడం ఒక దారి, రోజుకి పది ప్రింట్లు తీసేవాళ్ళకి మాత్రం అది దారి కాదు.

ఇంకో కారణం ఉంది, దీన్ని ఎవరూ పైకి అనరు, నాకు మాత్రం అన్నింటికంటే బరువైనది ఇదే అనిపిస్తుంది. చెడితే ఎవరిని పిలవాలి? విండోస్ పాడైతే మీ వీధి చివర రిపేరు షాపుంటుంది, అక్కడి కుర్రాడు గంటలో ఏదో ఒకటి చేసిస్తాడు. లినక్స్ ఉన్న లాప్‌టాప్ అదే షాపుకి తీసుకెళ్తే "ఇదేదో వేరే ఉంది సార్, ఫార్మాట్ కొట్టేద్దామా" అంటాడు, మీరు తొందరలో సరే అంటే అందులో ఉన్నదంతా పోతుంది. అతని తప్పేం లేదు, అతనికి రోజూ వచ్చేవన్నీ విండోస్ మిషన్లే. మీ ఇంట్లో లినక్స్ తెలిసిన ఒకే ఒక్క మనిషి హాస్టల్లో ఉంది, సెమిస్టర్ పరీక్షలప్పుడు ఫోన్ చేసి "తెర నల్లగా వస్తోందమ్మా" అనలేరు కదా. చుట్టూ ఉన్నవాళ్ళు ఏది వాడుతున్నారన్నది ఇంత ముఖ్యం కాబట్టే కేరళ ప్రభుత్వ బడుల్లో లినక్స్ నిలబడింది, అక్కడ పాఠ్యపుస్తకాలూ టీచర్ల శిక్షణా అన్నీ దాని మీదే నడుస్తాయి, పక్క బడి టీచర్‌ని అడిగినా జవాబు దొరుకుతుంది. అదే జర్మనీలో మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో నిర్ణయం తీసుకుని, పదేళ్ళపాటు సుమారు 15 వేల కంప్యూటర్లని లినక్స్‌కి మార్చి, 2017లో మళ్ళీ విండోస్ వైపు తిరిగింది. అందులో రాజకీయాలూ ఉన్నాయి, కానీ బయటి ఆఫీసులన్నీ వేరే ఫైళ్ళతో నడుస్తుంటే మధ్యలో ఒక్కళ్ళు వేరుగా ఉండటం ఎంత కష్టమో కూడా అందులో కనిపిస్తుంది. అంత పెద్ద సంస్థకే అలా ఉంటే, నరసరావుపేటలో ఇంట్లో కూర్చుని పని చేసుకునే మీకు అనుమానం రావడంలో వింతేముంది?

మిగతా భయాలు మాత్రం పెద్దగా పట్టించుకోకండి. నల్ల తెర మీద ఆదేశాలు టైప్ చేయాలా అంటే, లినక్స్ మింట్ లాంటి దాంట్లో రోజువారీ పనికి అక్కర్లేదు, ఏదైనా చెడినప్పుడు ఇంటర్నెట్‌లో దొరికే సలహాలే అలా ఉంటాయి. వందల రకాల లినక్స్‌లలో ఏది ఎంచుకోవాలి అంటే, మింట్. ఇంకేం చూడొద్దు. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, మీ 4 జీబీ ర్యామ్‌తో సరిపెట్టుకుంటుంది, కింద స్టార్ట్ మెనూ లాంటిదే ఉంటుంది. సీ డ్రైవ్, డీ డ్రైవ్ కనిపించక మొదట్లో కాస్త తికమకగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. వర్డ్ ఫైళ్ళు లిబ్రెఆఫీస్‌లో తెరుచుకుంటాయి, పేజీ అక్కడక్కడా జరుగుతుంది.

ఇప్పుడు ఏం చేయాలో చెబుతాను, ఇదంతా అమ్మాయి సెలవులకి వచ్చినప్పుడే, అదీ చేతిలో అర్జంటు పని లేని వారంలోనే. ముందు ఒక ఖాళీ పెన్ డ్రైవ్‌లో మింట్ ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా దాని మీదనుంచే లాప్‌టాప్ నడిపి చూడండి. డిస్క్ మీద ఏమీ మారదు. వైఫై వస్తోందా, శబ్దం వస్తోందా, బ్యాంకు సైట్ తెరుచుకుంటోందా చూడండి. వైఫై రాకపోతే ఫోన్ నుంచి యూఎస్‌బీ కేబుల్‌తో నెట్ ఇచ్చి, డ్రైవర్ మేనేజర్‌లో డ్రైవర్ దొరుకుతుందేమో చూడమనండి. అన్నీ బాగుంటే 480 లేదా 512 జీబీ ఎస్ఎస్‌డీ ఒకటి కొని, విండోస్‌ని అలాగే దాంట్లోకి క్లోన్ చేయించండి. 1 టీబీ డిస్క్ నిండి ఉంటే ముందు పాత ఫోటోలూ వీడియోలూ బయటికి తీసి పెట్టుకోవాలి. తీసేసిన హార్డ్ డిస్క్‌ని చెరపకుండా బీరువాలో పెట్టండి, ఏం జరిగినా అది తగిలిస్తే మీ పని మీకుంటుంది. ఎస్ఎస్‌డీలో ఒక 80 జీబీ విడగొట్టి అక్కడ మింట్ వేయమనండి. వేసేముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి, లేకపోతే మింట్ నుంచి మీ విండోస్ ఫైళ్ళలో ఏదీ మార్చనివ్వదు. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోవాలి. మింట్ వాడి విండోస్‌లోకి వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తుంది, కంగారు పడొద్దు, రెండూ టైమ్‌ని వేర్వేరు పద్ధతుల్లో గుర్తుపెట్టుకోవడం వల్ల అలా అవుతుంది, మింట్‌లో ఒక చిన్న మార్పుతో అమ్మాయి సరిచేసేయగలదు. వెళ్ళేముందు టైమ్‌షిఫ్ట్ అనే మింట్ ప్రోగ్రామ్ పెట్టి వెళ్ళమనండి, ఏదైనా అప్‌డేట్‌తో తేడా వస్తే ముందు రోజు స్థితికి వెనక్కి తీసుకెళ్తుంది. ఎనీడెస్క్ కూడా వేసి వెళ్తే హాస్టల్ నుంచే మీ తెర చూడగలదు.

ఆ తర్వాత పనులు ఇలా విడగొట్టుకోండి. బ్యాంకు, మెయిళ్ళు, యూట్యూబ్, కస్టమర్ పెన్ డ్రైవ్ మొదట తెరిచి చూడటం, కొత్త యూనికోడ్ పనులు మింట్‌లో. టాలీ, అను, ప్రింటు విండోస్‌లో. రీస్టార్ట్ చేసి అటూ ఇటూ మారడం విసుగే, ఒప్పుకుంటాను, చాలామంది కొన్నాళ్ళకి ఏదో ఒకదాంట్లోనే ఉండిపోతారు. మీరు విండోస్‌లోనే ఉండిపోయినా నష్టం లేదు, కనీసం బ్యాంకు పని మాత్రం మింట్‌లో చేయండి, ముఖ్యంగా 2026 అక్టోబరు తర్వాత. ఆ తేదీ దాటాక విండోస్ వైపు ఇంటర్నెట్‌ని అవసరానికి మించి వాడకండి, జీఎస్‌టీ రిటర్న్ వేసేటప్పుడు కనెక్ట్ చేసి తర్వాత తీసేయడం మంచిది.

మీ అమ్మాయికి కూడా ఒక మాట. అమ్మా, నువ్వు చదివే చదువుకి లినక్స్ రావడం చాలా అవసరం, నీ లాప్‌టాప్‌లో నిరభ్యంతరంగా వేసుకో. అక్కడ కూడా ఆన్‌లైన్ పరీక్షలకి విండోస్ మాత్రమే ఒప్పుకునే ప్రోగ్రాములు కొన్ని ఉంటాయి, చూసుకో. నాన్న లాప్‌టాప్ మాత్రం ఇంటికి అన్నం పెట్టే మిషన్, దాని మీద ప్రయోగం చేసేముందు ఒక పూట ఆయన పక్కన కూర్చుని శుభలేఖ ఎలా కడతారో, టాలీ ఎంట్రీ ఎలా వేస్తారో చూడు. ఆయనకి కొత్తది నేర్చుకోవడం రాదనుకోకు, లేఅవుట్లూ కీబోర్డులూ లెక్కల సాఫ్ట్‌వేరూ ఆయన నేర్చుకున్నవే.

మీరు ఈసారి రాసేటప్పుడు ప్రింటర్ మోడల్ నంబరు, అను ఏ వెర్షన్, అందులో ఏ కీబోర్డు లేఅవుట్ వాడుతున్నారు అన్నవి రాయండి. లేఅవుట్ తెలిస్తే మింట్‌లో ఏది ఎంచుకోవాలో కచ్చితంగా చెప్పగలను.